పిక్కలో శత్రువు

ఉదయం తొమ్మిదీ పదికి సంకేత విభాగం అధిపతి ఎక్కిన కారు రేవు పైనున్న కొండమలుపు దగ్గరికి వచ్చింది. వేగం ముప్ఫై దాటలేదు. మలుపు ఇంకో ఇరవై గజాలు ఉందనగా ఇంజిన్ ఉన్నట్టుండి హోరెత్తింది. కారు మలుపు తిరగలేదు. తిన్నగా వెళ్లి ఇనుప రెయిలింగును చీల్చుకుని కింద రాళ్ల మీద తలకిందులుగా పడింది.

దేశం పంపే రహస్య సందేశాల తాళాలన్నీ ఆ అధిపతి బుర్రలోనే ఉండేవి. ఆయన అక్కడికక్కడే పోయాడు. డ్రైవరు మాత్రం నాలుగు పక్కటెముకలు విరిగి బతికాడు. అంబులెన్సులో స్పృహ ఉన్నంతసేపూ ఒకే మాట అన్నాడు.

"నేను తొక్కలేదు. నా కాలు తొక్కింది."

సంఘటన స్థలానికి అందరికంటే ముందు చేరిన ఏజెంటును ఆఫీసులో తాళంకప్ప అంటారు. నోరు విప్పడు కనుక ఆ పేరు. స్ట్రెచర్ మీది మనిషిని చూడగానే గుర్తుపట్టాడు. ఆ డ్రైవరు అతని సొంత అక్క మొగుడు. ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ గ్యారేజీలో స్టీరింగు పట్టిన మనిషి. ఆయన రికార్డులో చిన్న గీత కూడా లేదు.

బావ కాబట్టి వెనకేసుకొచ్చాడని రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదని, తాళంకప్ప ఆ గంటలో రాసిన ప్రాథమిక నివేదికలో ఒక వాక్యం చేర్చాడు: 'డ్రైవరు వాంగ్మూలం నమ్మదగినది కాదు.' ఆ ఆరు అంగుళాల వాక్యం మీదే బావ చేతికి బేడీ పడింది. ఆస్పత్రి మంచం ఊచకి, ఆయన మణికట్టుకి కలిపి వేశారు.

నాలుగో రోజు డైరెక్టర్ పిలిచాడు. ఆయన గదిలో కిటికీలుండవు. బ్రీఫింగ్ ఎప్పుడూ నిలబడే జరుగుతుంది.

"ఇది నీకివ్వకూడని కేసు. అయినా ఇస్తున్నా," అన్నాడు డైరెక్టర్. "ఆ డ్రైవరు ఇంకెవరితోనూ మాట్లాడటం లేదు."

ఆయన చెప్పిన సంగతులు క్లుప్తంగా ఇవి. తొమ్మిది రోజుల్లో పొరుగు దేశపు రాయబారి వస్తున్నాడు. రేవు దగ్గరి అతిథి భవనంలో కాల్పుల విరమణ ఒప్పందం మీద సంతకం పెడతాడు. అక్కడికి వెళ్లడానికి ఆ కొండ రోడ్డు తప్ప ఇంకో దారి లేదు. రెండు దేశాలూ కొట్టుకుంటూనే ఉండాలని కోరుకునే మూడో దేశం ఒకటుంది. దాని నెట్‌వర్క్ నుంచి నిన్న ఒక మెసేజ్ పట్టుబడింది: 'మొదటిది సరిపోయింది. రెండోదానికి కొలతలు సిద్ధం.'

అంటే అధిపతి మరణం ప్రమాదం కాదు, హత్య. రెండోది కూడా కారులోనే. మన దేశపు కారులో, మన డ్రైవరు చేతిలో రాయబారి చస్తే, ఒప్పందం సంగతలా ఉంచి, మర్నాడే సరిహద్దులో ఫిరంగులు మోగుతాయి.

"ఎలా చేశారో కనిపెట్టు. ఎవరు చేశారో తర్వాత చూద్దాం," అన్నాడు డైరెక్టర్.

* * *

ఆస్పత్రి వరండాలో బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఒళ్లో మూత తీయని స్టీలు డబ్బా. తమ్ముణ్ని చూసి లేవలేదు. విచారణాధికారి అప్పటికే ఆమెకి నివేదిక చదివి వినిపించాడు. కింద ఎవరి సంతకం ఉందో కూడా చెప్పాడు.

"వెళ్లు," అంది. "ఈసారి విని రాయి."

లోపల బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తాళంకప్ప స్టూలు లాక్కుని కూర్చున్నాడు. బావే మొదలుపెట్టాడు.

"ఒరే, పిక్క బిగుసుకుపోయి రాయి అయిపోయిందిరా. పాదం దానంతటది కిందికి పోయింది. ఎత్తుదామంటే నా కాలు నాది కానట్టుంది. సీటు కింద టరటరమని చప్పుడు. వడగళ్లు రేకు మీద రాలినట్టు. ఎడమకాలితో బ్రేకు తొక్కా. అది ఆపలేకపోయింది."

"నొప్పి పుట్టిందా బావా?"

"అదే కదరా నా బాధ. ఇసుమంత కూడా లేదు. అందుకే ఎవరూ నమ్మట్లేదు. నాకే నమ్మకం లేకుండా పోతోంది."

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఏళ్ల తరబడి పెడల్ తొక్కి తొక్కి గ్యారేజీలో సగం మంది డ్రైవర్లకి కాళ్లు పట్టేస్తున్నాయి. పైకి చెబితే అన్‌ఫిట్ అని పక్కన పెడతారు. అందుకని పదకొండు మంది చెప్పాపెట్టకుండా మధ్యాహ్నం పూట ఒక ఫిజియోథెరపీ సెంటరుకి వెళుతున్నారు. అక్కడేదో పోలిక పరీక్ష జరుగుతోంది. కండరాన్ని కదిలించే రెండు మెషిన్లలో ఏది మేలో తేలుస్తున్నారు. ఒకటి కరెంటుది. దాన్ని డ్రైవర్లు చీమల మెషిన్ అంటారు, కుడుతుంది కనుక. రెండోది అయస్కాంతపు కాయిల్. దాన్ని ముట్టుకోనక్కరలేదు, ప్యాంటు మీదినుంచే కాలు దానంతటది లేస్తుంది. దాని పేరు దెయ్యం మెషిన్.

"ఆ రోజు కారులో పట్టుకుంది ఆ దెయ్యమేరా," అన్నాడు బావ. "చెబితే ఉద్యోగం పోతుందని చెప్పలేదు. ఇప్పుడు ఉద్యోగం ఒక్కటేనా పోయింది."

తాళంకప్ప అక్కణ్నుంచి తిన్నగా సాక్ష్యాల గదికి వెళ్లాడు. బావ బూట్ల సంచీకి వేసిన సీలు వేసినట్టే ఉంది. ఎవరూ విప్పలేదు. విప్పాడు. ఎడమ బూటు అడుగున బ్రేకు పెడల్ గాట్లు ఒక్కొక్కటీ అచ్చుగుద్దినట్టు పడి ఉన్నాయి. ఒళ్లంతా బలం పెట్టి తొక్కితే తప్ప రబ్బరు మీద అంత లోతు అచ్చు పడదు. చావాలనుకున్నవాడు, చంపాలనుకున్నవాడు బ్రేకు అలా తొక్కడు. ఈ బూటు మొదటి రోజునుంచీ ఇక్కడే ఉంది. ఒక్కసారి తిరగేసి చూసి ఉంటే ఆ వాక్యం రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ బూటు పట్టుకుని అతను ఎంతసేపు నిలబడ్డాడో గది గుమస్తాకి తెలుసు.

* * *

మర్నాడు గ్యారేజీలో కొత్త డ్రైవరు ఒకడు చేరాడు. మాసిన ఖాకీ చొక్కా, నెరిసినట్టు రంగేసిన మీసం, కుడికాలు కొంచెం ఈడ్చి నడక. ఆ మధ్యాహ్నమే మిగతావాళ్ల వెంట ఫిజియోథెరపీ సెంటరుకి వెళ్లాడు.

పరీక్ష నడిపేది అరవై దాటిన ఒక ప్రొఫెసరమ్మ. కళ్లజోడు తాడుకి వేలాడుతూ ఉంటుంది, ఎప్పుడూ దానికోసం వెతుకుతూ ఉంటుంది. అక్కడికి వచ్చిన ప్రతి ఒక్కరికీ, అడిగినా అడగకపోయినా, రెండు మెషిన్ల తేడా విడమరిచి చెబుతుంది. కరెంటు మెషిన్‌లో జిగురు ప్యాడ్లు చర్మానికి అంటిస్తారు. కరెంటు ముందు చర్మాన్ని దాటాలి, అందుకే మంట, చీమలు కుట్టినట్టు పోటు. కానీ కావలసిన చిన్న కండరాన్ని మాత్రమే వేలుపెట్టి చూపినట్టు కదిలించగలదు, చేతిపెట్టెలో బ్యాటరీతో నడుస్తుంది. అయస్కాంతం మెషిన్‌లో కరెంటు కాయిల్‌లోనే ఉండిపోతుంది. క్షణానికి ఇన్నిసార్లని పుట్టి మాయమయ్యే అయస్కాంత శక్తి బట్టనీ చర్మాన్నీ దాటుకుని లోపలికి పోయి, అక్కడి నరంలో కరెంటు పుట్టిస్తుంది. చర్మానికి కబురే ఉండదు. కండరం మొత్తం ఒక్కసారిగా బిగుస్తుంది. అయితే సూట్‌కేసంత పవర్ పెట్టె కావాలి, కాయిల్ వేడెక్కుతుంది, టరటర చప్పుడు చేస్తుంది, నాలుగు వేళ్ల దూరం దాటితే దాని బలం నీరుగారిపోతుంది.

"రెండిట్లో ఏది మంచిదండీ?" అని అడిగాడు తాళంకప్ప.

"ఏ పనికి?" అంది ప్రొఫెసరమ్మ.

మాగ్నెట్ మెషిన్ దగ్గర ఉండేది దాన్ని సప్లై చేసిన కంపెనీ మనిషి. డ్రైవర్లు ఆమెను డెమో మేడమ్ అంటారు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. నీలం సిల్కు స్కార్ఫు, నవ్వితే ఎదుటివాడు తనకోసమే నవ్విందనుకునే ముఖం. ఆమె తన చేతి వాచీ తీసి దూరంగా పెట్టి, గుండ్రటి కాయిల్‌ని అతని మోకాలి వెనక, పిక్క మొదట్లో ఆనించింది.

టరటర మొదలైంది. తాళంకప్ప పాదం చెక్కపలకను తొక్కింది. పాతికేళ్ల ట్రైనింగు ఉన్న మనిషి. ఆపమని ఒంట్లోని ప్రతి నరానికీ చెప్పుకున్నాడు. పాదం ఆగలేదు. నొప్పి లేదు, మంట లేదు. తన కాలు తన కళ్లముందే ఇంకొకరి నౌకరీ చేస్తోంది. బావ ఆ క్షణాన్ని, కింద రాళ్లు కనిపిస్తుండగా, ఎలా గడిపాడో అప్పుడు అతనికి అర్థమైంది.

ఆమె పలక మీద పడిన ఒత్తిడి ఎంతో నోట్ చేసుకుంది. డైరెక్టర్ చెప్పి పంపిన కోడ్ వాడాల్సిన సమయం అదే. అధిపతి పోయిన మర్నాడు డైరెక్టర్‌కి ఒక ఆకాశరామన్న కబురు అందింది. ఏ సెంటరో చెప్పకుండా, ఒక సెంటరులో పనిచేసే తను మీకు సాయపడతానని, వచ్చే మనిషి గడియారం మాట చెప్పాలని దాని సారాంశం.

"ఈ గది గడియారం అయిదు నిమిషాలు వెనకుందండీ," అన్నాడు తాళంకప్ప.

"మా ఇంట్లో అందరూ అంతే," అంది ఆమె. నవ్వు మాత్రం ఆగిపోయింది.

కాయిల్‌ని చల్లబరిచే ఫ్యాను హోరులో ఆమె గబగబా చెప్పింది. తనను ఇక్కడ పెట్టింది ఆ మూడో దేశమే. పోలిక పరీక్ష నిజమైనదే, ప్రొఫెసరమ్మకి ఏ పాపమూ తెలియదు. కానీ ఏ డ్రైవరు పిక్క ఎంత బలానికి ఎంత తొక్కుతుందో ఆ పట్టిక మొత్తం ప్రతి సాయంత్రం బయటికి పోతోంది. తనే చేరవేస్తోంది. కరెంటు ప్యాడ్లయితే డ్రైవరుకి తెలియకుండా అంటించలేరు. కాయిల్‌నయితే సీటులో పెట్టి కుట్టేయొచ్చు. కుట్టేవాడు గ్యారేజీ ఎదురుగా సీటు కవర్ల షాపు నడిపే దర్జీ. మెడలో టేపు, చెవి వెనక సుద్ద, పలకరిస్తే తల వంచుకుని నవ్వే మనిషి. ఇక్కడి రింగుకి తలకాయ అతనే. రాయబారికి కేటాయించిన నల్ల కారు సీటు కుట్టడం అయిపోయింది.

మాకెందుకు చెబుతున్నారని తాళంకప్ప అడిగాడు.

"ఆ పట్టికలో మొదటి పేరు ఆస్పత్రిలో ఉన్న ఆ డ్రైవరుగారిదండీ. మధ్యాహ్నం వచ్చి కూర్చుని, మా ఆవిడకి చెప్పకండి, నవ్వుతుంది అనేవారు. ఆయన నంబరు పంపింది నేనే."

అందులో ఎంత నిజమో తాళంకప్పకి తెలియలేదు. అబద్ధం చెప్పేవాళ్ల కళ్లెలా ఉంటాయో అతనికి పాఠాలు చెప్పారు. నిజమూ అబద్ధమూ కలిపి చెప్పేవాళ్ల కళ్ల గురించి ఏ పాఠంలోనూ లేదు.

* * *

నల్ల కారు సంగతి ఆమె చెప్పినట్టే తేలింది. సీటు ముందంచులో, చలికాలంలో సీటు వేడిచేసే తీగల్లాగా కనిపించేలా కాయిల్ కుట్టి ఉంది. డిక్కీలో స్టెప్నీ టైరు కింద పవర్ పెట్టె. అధిపతి కారులోనూ ఇలాగే ఉండి ఉండాలి, నుజ్జయిన ఇనుములో ఎవరూ వేరుగా గుర్తుపట్టలేదు. టెక్నీషియన్లు లోపల ఒక్క తీగ తెంచి, పైకి ఏమీ తెలియకుండా మళ్లీ కుట్టేశారు. డైరెక్టర్ ప్లాన్ తేలికైనది. రాయబారి నల్ల కారులోనే వెళతాడు, తాళంకప్పే నడుపుతాడు. మలుపు దగ్గర ఎవడో రిమోట్ నొక్కుతాడు, కాలు కదలదు. నొక్కిన చేతిని అక్కడికక్కడే పట్టుకోవాలి. దర్జీని ముందే పట్టుకుంటే రింగంతా జారుకుంటుంది, పొరుగు దేశానికి చూపడానికి రుజువూ ఉండదు.

ప్లాన్‌లో లోపం కనిపించలేదు. తాళంకప్పకి నచ్చనిది అదే. రాయబారి రావడానికి ముందురోజు మధ్యాహ్నం ఆర్డరుకి విరుద్ధంగా ఒక పని చేశాడు. ప్రొఫెసరమ్మ గదికి వెళ్లి, తలుపు వేసి, మీసం ఊడదీసి, ఉన్నదంతా చెప్పాడు.

ఆమె తన పట్టికల వైపు చూసింది. ఏడేళ్ల పని అది. లేవలేని మనుషుల్ని లేపుదామని మొదలుపెట్టింది. గుండెల మీద వేలాడుతున్న కళ్లజోడు కోసం బల్లంతా తడిమి, దొరకలేదని వదిలేసింది.

"ఏం కావాలి బాబూ నీకు?" అంది.

"ఒకవేళ కాయిల్ నా కాలిని పట్టుకుంటే, విడిపించేదేమైనా ఉందామ్మా?"

మోకాలి కింద ముందువైపు కండరానికి ప్యాడ్లు పెట్టి పాదాన్ని పైకి లాగిస్తే సరిపోతుందా అని కూడా అడిగాడు. సరిపోదంది. పిక్క ముందు అది పసిపిల్ల, ఆ పోటీలో ఎప్పుడూ పిక్కే గెలుస్తుందట. తర్వాత లేచి, గోడకున్న పోలికల చార్టు దగ్గరికి వెళ్లి, కరెంటు మెషిన్ లోపాల గడి మీద వేలు పెట్టింది. అందులో మొదటి మాట 'నొప్పి'.

అరికాలికి నిప్పు తగిలితే మనిషి ఆలోచించి కాలు తీయడు. మెదడుకి కబురు అందకముందే వెన్నుపాము కాలిని తుంటి దగ్గరనుంచి పైకి లాగేస్తుంది. పిక్క ఎంత బిగిసినా తుంటి ఎత్తేస్తే పాదం పెడల్ మీద ఉండలేదు. అయస్కాంతం నొప్పి పుట్టించదు కాబట్టి ఒళ్లు ఎదురు తిరగదు. కరెంటు పుట్టించగలదు. ఆమె ఒక చేతిపెట్టె తీసి, అతని అరికాలి వంపులో ఒకటి, చీలమండ పక్కన ఒకటి ప్యాడ్లు అంటించి, ఏ రోగికీ ఎప్పుడూ పెట్టని అంకె దగ్గర మీట బిగించింది. ఒకసారి నొక్కి చూడమంది.

తాళంకప్ప నొక్కాడు. మోకాలు వెళ్లి బల్లకి తగిలింది. బల్ల మీది ఫైళ్లన్నీ కిందపడ్డాయి. తాళంకప్ప నోరు మొదటిసారి పూర్తిగా తెరుచుకుంది.

"క్షమించు బాబూ," అంది ఆవిడ.

* * *

రాయబారి వచ్చిన ఉదయం గ్యారేజీలో నల్ల కారు ఒక పక్కకి ఒరిగి ఉంది. వెనక టైరులో మేకు. దాని స్టెప్నీలో కూడా గాలి లేదు. ప్రోటోకాల్ రిజిస్టరు ప్రకారం రెండో నంబరు కారు బూడిద రంగుది. దాన్ని అప్పటికే తుడిచి బయట పెట్టారు.

తాళంకప్పకి దొరికింది మూడు నిమిషాలు. డిక్కీ తెరిచాడు, ఖాళీ. సీటు అంచు తడిమాడు. మెత్తగా ఉంది, చేతికి ఏమీ తగల్లేదు. కానీ పాత సీటుకి దారం కొత్తగా ఉంది. రేడియోలో డైరెక్టర్‌కి చెప్పాడు.

డైరెక్టర్ చెప్పిందాని సారం ఇది: రాయబారి భద్రతాధికారులు ఇప్పటికే అనుమానంగా చూస్తున్నారు. కాన్వాయ్ ఆగితే ఒప్పందం ఆగినట్టే. దారం కొత్తదైనంత మాత్రాన కాయిల్ ఉన్నట్టు కాదు. వేగం ఇరవై దాటనివ్వకు.

"ఆగిపొమ్మంటారా, వెళ్లమంటారా సర్?"

"వెళ్లు," అన్నాడు డైరెక్టర్. ఆ గొంతులో ధైర్యం వినిపించలేదు.

రాయబారి చేతికర్ర మీద ఆనుకుంటూ వచ్చి వెనక సీటులో కూర్చున్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి. సంతకం కోసం తెచ్చుకున్న కళ్లజోడుని జేబులో రెండుసార్లు చూసుకున్నాడు. కారు గేటు దాటాక వచ్చీరాని మన భాషలో, మీకు కూడా కాలు నొప్పా అని అడిగాడు. డ్రైవరు నడక చూశాడట. ఉందండీ అన్నాడు తాళంకప్ప. తన మోకాళ్లు వాతావరణ శాఖ కంటే ముందే వాన సంగతి చెబుతాయని రాయబారి అన్నాడు. తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు తాళంకప్ప మెడ వెనక బరువుగా పడింది. ఈ మనిషి కూర్చున్న సీటు కింద ఏముందో చూడలేదన్న సంగతి అతనికి అప్పుడు తట్టింది. డిక్కీ ఖాళీగా ఉంటే, పవర్ పెట్టె ఇంకెక్కడుంటుంది?

అప్పటికి కొండ రోడ్డు దిగుతున్నారు. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. ముందు పైలట్ కారు, వెనక నాలుగు కార్లు. ఆగడానికి చోటు లేదు. ఎడమచేతి బొటనవేలిని చొక్కా చేతిలోంచి వచ్చిన మీట మీద పెట్టాడు. ఎడమ పాదాన్ని బ్రేకు మీదికి జరిపాడు.

మలుపు కనిపించింది. విరిగిన రెయిలింగు చోట తాడు కట్టి రెండు ఖాళీ డ్రమ్ములు పెట్టారు.

టరటర మొదలైంది.

కుడి పిక్క రాయి అయింది. ఇంజిన్ హోరెత్తింది. ఎడమకాలితో బ్రేకు మీద నిలబడ్డట్టే తొక్కాడు. టైర్లు కీచుమన్నాయి, కానీ వాలు, ఇంజిన్ ఒక పక్కా బ్రేకు ఒక పక్కా. కారు డ్రమ్ముల వైపు జారుతూనే ఉంది. బావ ఇక్కడిదాకా వచ్చాడు. ఇంతవరకూ చేయగలిగిందంతా చేశాడు.

తాళంకప్ప మీట నొక్కాడు.

అరికాల్లోకి కాలిన మేకు దిగినట్టయింది. కాలు తుంటినుంచి పైకెగిరింది, మోకాలు స్టీరింగు కింద కొట్టుకుంది. ఎముక చిట్లిన చప్పుడు అతనికి వినిపించింది. పాదం పెడల్‌ని వదిలింది. హోరు తగ్గింది. బ్రేకు పట్టింది. ఒక డ్రమ్ము ఎగిరిపడి లోయలోకి దొర్లింది. అది రాళ్లకి తగిలిన ప్రతి చప్పుడూ వినిపించింది. కారు ముందు చక్రం ఒకటి గాలిలో తిరుగుతూ ఆగింది.

టరటర ఇంకా ఆగలేదు. పాదం మళ్లీ కిందికి దిగబోయింది. తాళంకప్ప మీట మీద వేలు తీయకుండానే రెండో చేత్తో తాళం తిప్పి ఇంజిన్ ఆపేశాడు. తర్వాత వెనక్కి తిరిగి, కదలకుండా కూర్చోమని రాయబారికి చెప్పాడు. రాయబారి తెల్లబోయిన ముఖంతో, చేతికర్రని రెండు చేతులా పట్టుకుని, అలాగే కూర్చున్నాడు.

దర్జీని మలుపు పైన వ్యూ పాయింటు దగ్గర పట్టుకున్నారు. చేతిలో కారు తాళంలాంటి రిమోట్. నలుగురు మీద పడ్డప్పుడు కూడా దాన్ని నొక్కుతూనే ఉన్నాడట. అతన్ని గుంపులో కనిపెట్టింది మన టీము కాదు. వాళ్ల కళ్లు రోడ్డు మీది వాహనాల మీద ఉన్నాయి. నీలం స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ వచ్చి, మెడలో టేపు వేసుకున్నాయన చేతిలో ఉన్నది తాళం కాదు, చూడండి అని చెప్పి, వచ్చిన బస్సెక్కి వెళ్లిపోయింది.

నల్ల కారు సంగతి మనకి చెప్పింది ఆమె. మనకి తెలిసిపోయిందని దర్జీకి చెప్పింది కూడా ఆమేనని విచారణలో తేలింది. రెండు వైపులా సగం సగం అమ్మకం పెట్టి, చివరి నిమిషంలో ఎందుకు ఇటు మొగ్గిందో ఎవరికీ తెలియదు. ఆమె కోసం వెతుకుతున్నారు. దొరకాలని తాళంకప్ప కోరుకుంటున్నాడో లేదో అతనికే స్పష్టంగా లేదు.

* * *

ఒప్పందం మీద సంతకం ఆ సాయంత్రమే జరిగింది. బావ బేడీ మర్నాడు తీశారు. తాళంకప్ప మోకాలికి పట్టీతో ఆస్పత్రి వరండాలోకి వెళ్లేసరికి అక్క అదే బెంచీ మీద ఉంది.

"రాశావా?" అంది.

అతను కొత్త నివేదిక ప్రతి ఇచ్చాడు. మొదటి వాక్యం: 'నా మునుపటి నివేదిక తప్పు. డ్రైవరు నిజం చెప్పాడు. నేను వినలేదు.' అక్క రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి తన దగ్గరే ఉంచుకుంది. క్షమించానని అనలేదు. బెంచీ మీద కొంచెం పక్కకి జరిగింది. అతను కూర్చున్నాడు.

బావ మళ్లీ స్టీరింగు పట్టలేదు. ఎముకలు అతుక్కున్నాయి, డాక్టర్లు ఫిట్ అని రాశారు. కానీ ఇప్పటికీ మెట్లు దిగేటప్పుడు ఆగి, కుడికాలి వైపు ఒకసారి చూసుకుని, అప్పుడు అడుగు వేస్తాడు. ప్రొఫెసరమ్మ పట్టికల్లోంచి డ్రైవర్ల పేర్లన్నీ కొట్టేసి, పరీక్షని లేవలేని రోగులతో మొదటినుంచి మొదలుపెట్టింది. ఏడేళ్లు అయ్యాయి, ఇంకో ఏడేళ్లు ఉంటానో లేదో అని మాత్రం అంది.

నెల తర్వాత గ్యారేజీ సూపర్వైజర్ దగ్గరనుంచి తాళంకప్పకి ఒక ఫారం వచ్చింది. బూడిద రంగు కారు బంపరు సొట్టకి, పోయిన డ్రమ్ముకి సంజాయిషీ. 'ప్రమాద కారణం' ఎదురుగా మూడే గడులు: డ్రైవరు, వాహనం, రోడ్డు. అతను మూడూ వదిలేసి పక్కన 'కుట్టు' అని రాసి పంపాడు.

సూపర్వైజర్ ఫోను చేశాడు. పై అధికారులు చూసే కాగితమని, 'కుట్ర' అనబోయి అక్షరం తప్పు రాసినట్టున్నారని, తనే దిద్దమంటారా అని మర్యాదగా అడిగాడు.

"దిద్దకండి," అన్నాడు తాళంకప్ప. "మొదటిసారి ఒక ఫారం సరిగ్గా నింపాను."